మానిటర్ ఖరీదెంత? కంటికి కావలసినదెంత?



మధుమేహం, రక్తపోటు, బాలింత సంరక్షణ గురించి వ్రాసే ఈ పేజీలో కంప్యూటర్ మానిటర్ సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మేము ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం మీరే. జూన్, జూలై నెలలు వచ్చాయంటే కంటి ఓ.పి. ముందు బెంచీల మీద కూర్చున్న తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. "అమ్మా, అబ్బాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. కంప్యూటర్ కొనాలి. షాపులో తొమ్మిది వేల మానిటర్ ఒకటి, ముప్పయ్యయిదు వేల మానిటర్ ఒకటి చూపించారు. ఖరీదైనది కొంటే కళ్ళు పాడవవట కదా?"

కళ్ళు పాడవుతాయన్న భయం మీద ఏ తల్లి అయినా అప్పు చేస్తుంది. అందుకే జవాబు ముందే చెప్పేస్తాము. తొమ్మిది వేల మానిటర్ వల్ల కళ్ళు పాడవవు. ముప్పయ్యయిదు వేల మానిటర్ వల్ల కళ్ళు బాగుపడవు. ఎక్కువ డబ్బు పెట్టవలసిన వారు కొందరున్నారు, వారి సంగతి కూడా చెబుతాము. కానీ చాలా కుటుంబాలకు ఆ తేడా డబ్బు కంటి పరీక్షకు, అద్దాలకు, సరైన కుర్చీకి పెడితేనే ఎక్కువ మేలు.

ఒక తల్లి విషయం చెబుతాము. రైతుబజారులో కూరగాయలు అమ్ముతుంది. కూతురు బి.టెక్. రెండో సంవత్సరం. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటే గంటలోపే నుదురు, కనుబొమ్మల పైన నొప్పి. పాత మానిటర్ వల్లే అనుకున్నారు. "కళ్ళకు మంచిది" అని షాపువారు చెప్పిన పెద్ద మానిటర్ కోసం ఆ తల్లి నష్టానికి చీటీ పాడి ముప్పయి రెండు వేలు పెట్టింది. నొప్పి తగ్గలేదు. రెండు నెలల తరువాత మా దగ్గరికి తీసుకొచ్చింది. పరీక్షలో తేలింది ఏమిటంటే, ఆ అమ్మాయికి రెండు కళ్ళకూ సిలిండర్ పవర్ ఉంది. అద్దాలకు, ఫ్రేముకు కలిపి పన్నెండు వందలయింది. మూడు వారాలకు నొప్పి తగ్గిందని ఫోను చేసింది. కొత్త మానిటర్ ఇప్పుడు బాగానే పనిచేస్తోంది, దానిలో లోపమేమీ లేదు. ఆ తల్లి మాత్రం ఇంకా చీటీ వాయిదాలు కడుతూనే ఉంది.

కాబట్టి మొదటి మాట ఇదే. తలనొప్పి, కళ్ళ మంట, చూపు మసక ఉన్న వారు మానిటర్ షాపుకు వెళ్ళకముందు కంటి పరీక్షకు వెళ్ళాలి.

ఎక్కువ ధరకు ఏమి వస్తుంది?

2025లో మేము విచారించిన ధరలు సుమారుగా ఇలా ఉన్నాయి. 22 నుంచి 24 అంగుళాల సాధారణ మానిటర్ ఏడు నుంచి పది వేలు. 27 అంగుళాలది, కొంచెం మేలురకం, పదిహేను నుంచి పాతిక వేలు. అదే సైజులో 4కె మానిటర్ పాతిక నుంచి నలభై వేలు. ఓలెడ్ అనే రకం అరవై వేలు దాటుతుంది. పన్ను తగ్గిందని చెప్పి తొందరపెట్టేవారు ఉంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినది 32 అంగుళాలకు మించిన మానిటర్లకే. ఇళ్ళలో వాడే చిన్నవాటికి 2019 నుంచీ 18 శాతమే ఉంది.

ధర పెరిగే కొద్దీ వచ్చేవి కొన్ని కంటికి సంబంధించినవి, చాలావరకు కావు. 144, 240 హెర్ట్జ్ అని వ్రాసి ఉంటుంది. బొమ్మ సెకనుకు అన్నిసార్లు మారుతుందని అర్థం. వేగంగా కదిలే ఆటలు ఆడేవారికి అది కావాలి. పాఠాలు చదివేవారికి, ప్రోగ్రాములు వ్రాసేవారికి 60 హెర్ట్జ్ చాలు. ఈ రోజుల్లో చవక మానిటర్లలో కూడా 100 హెర్ట్జ్ ఇస్తున్నారు. వంపు తిరిగిన తెర చూడడానికి ముచ్చటగా ఉంటుంది, వైద్యపరంగా ప్రత్యేకత ఏమీ లేదు. హెచ్.డి.ఆర్. అనే స్టిక్కరు చవక మానిటర్ మీద ఉంటే దానిని లెక్కలోకి తీసుకోనవసరం లేదు, ఆ వెలుగు ఇచ్చే శక్తి దానికి ఉండదు.

కంటికి సంబంధించినది మొదటగా అక్షరం స్పష్టత. మానిటర్ మీద ప్రతి అక్షరమూ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టే. చుక్కలు దూరందూరంగా ఉంటే అక్షరం అంచులు మొరటుగా కనిపిస్తాయి. ఫుల్ హెచ్.డి. అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అవే చుక్కలను 24 అంగుళాల తెర మీద పరిస్తే చుక్కకు చుక్కకు దూరం సుమారు 0.27 మిల్లీమీటర్లు. 27 అంగుళాల మీద పరిస్తే 0.31 అవుతుంది. అంటే పెద్ద మానిటర్ కొన్నాము కదా అని సంతోషించేలోపే అక్షరం మొరటుబారుతుంది. 22 అంగుళాల తెర మీద అదే 0.25. ఇక్కడ చిన్నదే మేలు! 27 అంగుళాలు కావాలనుకుంటే 2560 చుక్కల క్యు.హెచ్.డి. రకం తీసుకోవాలి, అందులో దూరం 0.23కు దిగుతుంది. 4కెలో 0.16.

ఇక్కడ మన కంటి శక్తిని కూడా లెక్కవేయాలి. 6/6 చూపు ఉన్న ఆరోగ్యమైన కన్ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి సుమారు 0.17 మిల్లీమీటర్ల తేడాను మాత్రమే విడిగా గుర్తించగలదు. అంతకంటే సన్నని చుక్కలకు పెట్టే డబ్బు కన్ను చూడలేనిదానికి పెట్టినట్టే. తెలుగు అక్షరాలకు మాత్రం కొంత స్పష్టత ఎక్కువే కావాలి. ఒత్తులు, గుడులు, సున్నాలు చిన్న జాగాలో ఇమడాలి గదా. 'క్ష్మి' లాంటి అక్షరం మొరటు తెర మీద మరకలా కనిపిస్తుంది. అలాంటప్పుడు అక్షరం సైజు పెంచుకుంటే సరిపోతుంది, దానికి ఖర్చు లేదు.

ఇంకొక సంగతి. ఇంట్లో ఉన్నది పాత కంప్యూటర్ అయితే దాని హెచ్.డి.ఎం.ఐ. ద్వారం 4కె తెరను సెకనుకు 30సార్లు మాత్రమే నడపగలదేమో కనుక్కోండి. అలా అయితే మౌస్ బాణం కూడా ఈడుస్తూ కదులుతుంది. ఖరీదైన తెర తెచ్చి అదనంగా చిరాకు తెచ్చుకున్నట్టవుతుంది.

స్టాండు, మెడ

చవక మానిటర్లలో నిజమైన లోటు ఒకటుంది. దాని స్టాండు. ముందుకు వెనుకకు కొంచెం వంగుతుంది అంతే, పైకి కిందికి జరగదు. ఖరీదైన వాటిలో చాలావరకు ఎత్తు మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. షాపులో ఎవరూ చూపించని ఈ తేడాయే మెడకు, భుజాలకు సంబంధించినది. మా ఫిజియోథెరపీ గదికి మెడనొప్పితో వచ్చేవారిలో కంప్యూటర్ పని చేసేవారిని మేము తప్పకుండా అడిగే ప్రశ్న, "మీ తెర ఎంత ఎత్తులో ఉంది?"

తెర పై అంచు మీ కంటి ఎత్తులో గాని, కొంచెం కిందగా గాని ఉండాలి. చేయి చాచితే వేళ్ళు తగిలేంత దూరం, అంటే 50 నుంచి 75 సెంటీమీటర్లు. చూపు కొద్దిగా కిందికి ఉంటే రెప్ప కంటిని ఎక్కువ కప్పుతుంది, కన్ను తొందరగా ఆరిపోదు. స్టాండు పైకి లేవకపోతే ఇటుక మీద పలక వేసినా సరిపోతుంది, పాత టెలిఫోన్ డైరెక్టరీలు ఉంటే అవీ పనికి వస్తాయి. వెనుక నాలుగు మరల రంధ్రాలు, 100 మిల్లీమీటర్ల చదరం, ఉన్న మానిటర్ తీసుకుంటే తరువాత ఎప్పుడైనా వేరే స్టాండు బిగించుకోవచ్చు. ఆ రంధ్రాలు లేనిది మేమైతే తీసుకోమని చెప్పము.

నలభై దాటినవారికి ఈ సూత్రం కొంచెం మారుతుంది. ఒక రైస్ మిల్లు గుమాస్తా గారు మెడకు పట్టీ వేసుకుని మా దగ్గరికి వచ్చారు. వయస్సు నలభై ఎనిమిది. తెర కంటి ఎత్తులో ఉండాలని ఎవరో చెప్పారట, మానిటర్ కింద రెండు లావుపాటి లెడ్జర్లు పెట్టుకున్నారు. ఆయన పెట్టుకున్నవి బైఫోకల్ అద్దాలు. దగ్గర చూపు అద్దం కింది భాగంలో ఉంటుంది. తెర పైకి ఉండేసరికి అంకెలు చదవడానికి రోజంతా గడ్డం పైకెత్తి, తల వెనుకకు వాల్చి కూర్చుంటున్నారు. లెడ్జర్లు తీసేసి, మానిటర్‌ను బల్ల మీదకు దించి, తెరను కొంచెం వెనుకకు వంచుకొమ్మని చెప్పాము. కంప్యూటర్ దూరానికి విడిగా ఒక జత అద్దాలు వ్రాయించాము. ఆయన కొత్త మానిటర్ కొనే ఆలోచనలో ఉన్నారు, అది మానుకున్నారు.

ఇది చాలామందికి తెలియదు. పుస్తకం చదివే దూరం 40 సెంటీమీటర్లు. మానిటర్ ఉండే దూరం 60 లేక 70. పుస్తకానికి వ్రాసిన పవర్ మానిటర్‌కు సరిపోదు. సరిపోని అద్దంతో చూసేవారు తెలియకుండానే ముందుకు వంగుతారు, నడుము మొదలు మెడ వరకు నొప్పులు వస్తాయి.

నీలి కాంతి, మినుకు

"బ్లూ లైట్ నుంచి రక్షణ" అనేది ఈ రోజుల్లో మానిటర్ పెట్టె మీద, కళ్ళజోళ్ళ దుకాణంలో, ఫోను అద్దం మీద, అన్నిచోట్లా కనబడే మాట. తెర నుంచి వచ్చే నీలి కాంతి పగటి ఆకాశం నుంచి మన కంట్లో పడేదానితో పోల్చితే చాలా తక్కువ. దానివల్ల కంటికి హాని జరుగుతుందని ఆధారం లేదు. 2023లో కోక్రేన్ సంస్థ 17 పరిశోధనలను కలిపి పరిశీలించింది. నీలి కాంతిని ఆపే కళ్ళజోళ్ళు సాధారణ అద్దాలకంటే కంటి అలసటను అదనంగా తగ్గించకపోవచ్చునని తేల్చింది. అమెరికాలోని నేత్రవైద్యుల అకాడమీ కూడా కంప్యూటర్ పనికి అలాంటి ప్రత్యేక అద్దాలు అవసరమని చెప్పడం లేదు. రాత్రి వెలుగు నిద్రను కొంత దూరం చేయగలదు, అది వేరే సంగతి. దానికి మందు కంప్యూటర్ ఆపి పడుకోవడమే. తెర రంగును పసుపుకు మార్చే 'నైట్ లైట్' ఏర్పాటు విండోస్‌లో 2017 నుంచీ ఉచితంగా ఉంది, దానికోసం కొత్త మానిటర్ కొనవద్దు.

మినుకు విషయం మాత్రం పట్టించుకోదగినదే. కొన్ని మానిటర్లు వెలుగు తగ్గించడానికి లోపలి దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగిస్తాయి. మామూలుగా చూస్తే తెలియదు. పార్శ్వపు నొప్పి ఉన్నవారిలో కొందరికి అది తలనొప్పి రప్పిస్తుంది. దీనికి షాపులోనే చేయగల పరీక్ష ఒకటుంది. మానిటర్ వెలుగును బాగా తగ్గించి, తెల్లని పేజీ పెట్టమనండి. వీలైతే ఆ మూలలో లైటు ఆర్పించండి. తెర ముందు ఒక పెన్సిలును విసనకర్రలా వేగంగా ఊపండి. పెన్సిలు నీడ ఒకే మసక తెరలా కనిపిస్తే మంచిదే. అయిదారు పెన్సిళ్ళు విడివిడిగా కనిపిస్తే అది మినుకుతోంది. షాపువారు వింతగా చూస్తారు, చూడనివ్వండి. 'ఫ్లికర్ ఫ్రీ' అని వ్రాసి ఉన్నవి ఇప్పుడు ఎనిమిది వేల ధరలోనే దొరుకుతున్నాయి. అరవై వేలు పెట్టే ఓలెడ్ తెరల్లో మాత్రం కొద్దిపాటి మినుకు ఉంటుంది, కొన్నింటిలో సన్నని అక్షరాల అంచుల్లో రంగు కూడా కనబడుతుంది. రోజంతా అక్షరాలు చదివేవారికి వాటిని మేము సూచించము.

మా రికార్డుల గదిలో ఒకప్పుడు లావుపాటి వీపు ఉన్న పాత మానిటర్లు ఉండేవి. అవి మినికే తీరుకు సాయంత్రమయ్యేసరికి గుమాస్తాల కళ్ళు ఎర్రబడేవి, కరెంటు కూడా ఇప్పటి 24 అంగుళాల తెరకంటే మూడింతలు పైగా తాగేవి. వాటితో పోల్చితే ఇవాళ్టి చవక మానిటర్ కూడా కంటికి మంచిదే.

ఖరీదైనది కొనవలసింది ఎవరు?

మా ఆసుపత్రిలోనే చూడండి. బిల్లు కౌంటరులో ఉన్నది చవక మానిటర్. ఎక్స్‌రే చదివే గదిలో ఉన్నది లక్షల ధర పలికే రకం. అదేమిటి, అక్కడ అంత, ఇక్కడ ఇంతేనా అని అడిగినవారు ఉన్నారు. పూర్వం ఎక్స్‌రే ఫిల్మును దీపాల పెట్టె మీద పెట్టి చూసేవారు. ఇప్పుడు అది తెర మీదకు వచ్చింది. ఊపిరితిత్తుల్లో తొలిదశ క్షయ మచ్చ, పక్కటెముకలో వెంట్రుకంత చీలిక, ఇవి బూడిద రంగులో బూడిద రంగుగా ఉంటాయి. ఆ ఛాయల తేడా కనబడాలంటే తెర నలుపు నుంచి తెలుపు వరకు ప్రతి మెట్టును ఒక ప్రమాణం ప్రకారం చూపించాలి. ఆ ప్రమాణం పేరు డైకామ్. తెర వెలుగు కూడా ఎక్కువ ఉండాలి. అమెరికా రేడియాలజీ కళాశాల సూచన ప్రకారం ఎక్స్‌రే నిర్ధారణకు చదరపు మీటరుకు కనీసం 350 క్యాండెలాలు, రొమ్ము ఎక్స్‌రేకు 420. ఇళ్ళలో వాడే చవక తెర ఇచ్చేది 250 ప్రాంతంలో. పైగా ఆ మానిటర్లు తమ వెలుగును తామే కొలుచుకుని సరిదిద్దుకుంటాయి, ఏళ్ళు గడిచినా మసకబారకుండా. అక్కడ డబ్బు ఆదా చేస్తే నష్టపోయేది రోగి. బిల్లు కౌంటరులో అంకె కనబడితే చాలు.

అదే లెక్క ఇంటికీ వర్తిస్తుంది. పని ఏమిటి, ఎన్ని గంటలు, ఎవరి కళ్ళు అన్నదే చూడాలి. మా దగ్గర నర్సింగు చదివి, ఇప్పుడు మెడికల్ కోడింగ్ ఉద్యోగం ఇంటి నుంచి చేస్తున్న అమ్మాయి ఒకరున్నారు. రోజుకు తొమ్మిది గంటలు, ఒక పక్క రోగి రికార్డు, ఇంకో పక్క కోడ్‌ల పట్టిక, రెండూ సన్న అక్షరాలే. ఆమె 14 అంగుళాల ల్యాప్‌టాప్ మీద తల వంచుకుని రెండేళ్ళు చేసింది. 27 అంగుళాల క్యు.హెచ్.డి. మానిటర్, ఎత్తు మార్చుకునే స్టాండుతో, ఇరవై రెండు వేలు పెట్టి కొనుక్కోనా అని అడిగితే మేము వెంటనే కొనుక్కోమన్నాము. ఆ ఇరవై రెండు వేలు ఆమెకు అయిదారేళ్ళు ఉపయోగపడతాయి. డిజైను పని, ఫోటోల పని చేసేవారికి రంగు నిజంగా ఉండాలి కాబట్టి వారికీ మేలురకమే కావాలి. చూపు తక్కువగా ఉండి, అక్షరాలను బాగా పెద్దవి చేసుకుని చదివేవారికి కూడా పెద్ద తెర చాలా సహాయం. చెత్వారపు తండ్రిగారికి, డయాబెటిక్ రెటినోపతి ఉన్న తల్లిగారికి కొనేటప్పుడు సైజులో పిసినారితనం వద్దు. అయితే వారికి కూడా కావలసింది సైజే గాని, ఇతర హంగులు కాదు.

ఇంటర్ చదివే పిల్లవాడికి, డిగ్రీ అమ్మాయికి, సంఘ కార్యాలయంలో చందాల లెక్కలు వ్రాసేవారికి 22 లేక 24 అంగుళాల ఫుల్ హెచ్.డి., ఐ.పి.ఎస్. రకం, మెరుపు లేని తెర ఉన్నది చాలు. ఐ.పి.ఎస్. అంటే పక్క నుంచి చూసినా రంగు మారని రకం. అద్దంలా మెరిసే తెరలో కిటికీ, ట్యూబులైటు కనబడతాయి, కన్ను దానితో పోరాడుతూనే ఉంటుంది. వెనుక లేబులు మీద బి.ఐ.ఎస్. గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి. మూడేళ్ళ వారంటీ కాగితం మీద వ్రాయించుకోండి.

ఇంకా తక్కువలో కావాలంటే, ఆఫీసులు తీసేసిన పాత మానిటర్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దొరుకుతాయి. ఆఫీసువి కాబట్టి చాలావాటికి ఎత్తు మార్చుకునే స్టాండు ఉంటుంది. తెల్లని పేజీ పెట్టి చూడండి, అంచులు పసుపుపచ్చగా ఉంటే దాని దీపం వయస్సు అయిపోయిందని అర్థం.

కొన్న తరువాత

ఏ మానిటర్ అయినా కన్ను దాని ముందు చేసేది ఒకటే. రెప్ప వేయడం మరచిపోతుంది. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు వేసే రెప్ప, తెర చూస్తున్నప్పుడు అయిదు నుంచి ఏడుకు పడిపోతుంది. మంట, ఇసుక పడినట్టు ఉండడం, నీరు కారడం అందువల్లనే. నీరు కారుతుంటే కన్ను ఆరిపోయిందని ఎవరికీ తోచదు. ఫ్యాను, ఏ.సి. గాలి ముఖం మీద నేరుగా కొట్టకుండా చూసుకోవాలి. ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదైనా, వీధి అవతలి వేపచెట్టు అయినా, ఇరవై సెకన్లు చూడాలి. తెర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, తెర దానికంటే దీపంలా వెలగకుండా, మసకగానూ లేకుండా వెలుగు సరిచేసుకోవాలి. షాపునుంచి వచ్చిన మానిటర్ చాలావరకు అవసరానికి మించిన వెలుగుతో వస్తుంది.

కళ్ళు మండుతున్నాయని మందుల షాపులో చుక్కల మందు అడిగి తెచ్చుకోవద్దు. కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట హాయిగా ఉంటుంది, నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లం వస్తాయి. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. మానిటర్ వల్ల చూపు పోయినవారిని మేము చూడలేదు. ఇలాంటి చుక్కల వల్ల పోయినవారిని చూశాము.

తెర తుడవడానికి స్పిరిటు, శానిటైజరు వాడవద్దు. 2020లో కరోనా భయంతో చాలామంది తెరల మీద కూడా చల్లారు, మెరుపు తగ్గించే పూత పొరలు పొరలుగా లేచిపోయింది. ఆపి, మెత్తని గుడ్డను నీటితో తడిపి గట్టిగా పిండి తుడిస్తే చాలు.

పిల్లల విషయంలో మానిటర్ రకం కంటే ఆరుబయట గడిపే సమయం ముఖ్యం. పిల్లల్లో హ్రస్వదృష్టి పెరుగుతోందని 2010లో తైవాన్ బడుల్లో రోజుకు 120 నిమిషాలు ఆరుబయట గడిపించే కార్యక్రమం మొదలుపెట్టారు, దాని తరువాత అక్కడ పిల్లల్లో చూపు తగ్గడం నెమ్మదించింది. సెలవుల్లో పిల్లలను కోచింగుకు, అక్కడినుంచి కంప్యూటరుకు పంపే తల్లిదండ్రులు ఈ రెండు గంటలకూ చోటు చేయాలి. ఏడాదికొకసారి కంటి పరీక్ష చేయించాలి. బోర్డు మీద అక్షరాలు కనబడక ముందు బెంచీకి జరిగే పిల్లవాడు ఇంట్లో చెప్పడు, టీచరుగారిని అడగాలి.

కంప్యూటర్ పని చేసేవారు కంటి పరీక్షకు వచ్చేటప్పుడు ఒక్క పని చేయండి. రోజూ కూర్చునేట్టే కూర్చుని, కంటి నుంచి తెర వరకు టేపుతో కొలిపించుకుని, ఆ సెంటీమీటర్లు కాగితం మీద వ్రాసుకుని ఓ.పి. చీటీతో పాటు తెచ్చుకోండి. ఇప్పుడు వాడుతున్న కళ్ళజోడు, పాతదైనా సరే, వెంట ఉండాలి.